ఏ దేశపు కారు కొందాం నాయనా?

కువైట్‌లో చెమటోడ్చిన డబ్బు. రాయచోటిలో సొంతిల్లు. ఇంటిముందు ఒక కారుంటే బాగుంటుందన్న కోరిక. ఇంతవరకూ పేచీ లేదు. 'ఏ కంపెనీ కారు?' అనేసరికే ఇంట్లో మూడు పార్టీలు! ధర, మైలేజీల దగ్గర ముగియాల్సిన చర్చలోకి దేశభక్తి కూడా వచ్చి పీట వేసుకు కూర్చుంటే..?

ఒక ఇంటిని ఊహించుకోండి. రాయచోటిలో అలాంటి ఇల్లు కోసం పెద్దగా వెతకనక్కర్లేదు. వీధికి రెండు మూడైనా ఉంటాయి.

ఇంటి పెద్దాయన 1980ల్లోనే అప్పుచేసి కువైట్ విమానమెక్కినవాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దూసుకొచ్చిన రోజు అక్కడే ఉన్నాడు. కట్టుబట్టలతో బస్సెక్కి, ఎడారి దాటి, జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కణ్నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాడు. అప్పుడు అలా ప్రాణాలతో ఇల్లు చేరిన భారతీయులు దాదాపు లక్షా 70 వేలమంది. పెద్దకొడుకు పన్నెండేళ్లుగా కువైట్‌లోనే హౌస్ డ్రైవరు. చిన్నకొడుకు ఐటీఐ చదివి పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే యూనిట్లో పనిచేస్తున్నాడు. పెద్దవాడు సెలవుకొచ్చాడు. కారు మాటొచ్చింది.

"మన దేశపోళ్ల కంపెనీ బండే కొనాల. ఆ పొద్దు అమ్మాన్‌లో మన ఇమానం రాకపోయింటే ఈ పొద్దు నేను మీ ముందర కూచ్చుని మాట్లాడుతుంటినా?" పెద్దాయన మాట అది.

"పన్నెండేండ్లు జపాను బండి తోల్నా నాయనా! ఆ ఎండలో, ఆ ఇసకలో ఒక్క దినమన్నా నన్ను నడీదావలో నిలబెట్లే. పిల్లాపాపా ఎక్కే బండి... నమ్మకం ఉండాల గదా" అంటాడు పెద్దకొడుకు.

"మీరిద్దరూ బాగుండారు! కదిరి దాటితే పెనుకొండ. ఆడ మన పిల్లోళ్లు కార్లు చేచ్చాండారు. చేతికాడుండే బండి ఇడ్సిపెట్టి యాడాడివో ఎందుకు?" చిన్నవాడి గోల.

"అది కొరియావోళ్లది కదరా!"

"కంపెనీ వాళ్లదే. చేతులు మనయ్యే గదా నాయనా!"

ఇంట్లో ఆడవాళ్లు ఈ సభలోకి రాలేదనుకుంటున్నారా? వచ్చారు. "ఏదో ఒకటి కొనండి. గువ్వలచెరువు ఘాటు క్షేమంగా దిగాల, అంతే" అని ఒక్క మాటతో కాఫీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయారు. ఆ మాట దగ్గరికి మళ్లీ వద్దాం.

ముగ్గురూ దేశం మీద ప్రేమతోనే మాట్లాడుతున్నారు. కానీ ముగ్గురూ మూడు వేర్వేరు కార్లు చూపిస్తున్నారు. ఒకరికి దేశమంటే యజమాని. ఒకరికి దేశమంటే కష్టపడి పంపిన డబ్బు వృథా కాకపోవడం. ఒకరికి దేశమంటే పక్కూరి పిల్లాడికి ఉద్యోగం. మరి ఇందులో ఏది అసలైన దేశభక్తి? కారు కొనేటప్పుడు దానికి చోటివ్వాలా, వద్దా?

ఇది డాబు కోసం కాదు

రాయచోటివాళ్లకు కారంటే సోకు అనుకుంటే పొరపాటు. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి ఊరిని తాకుతూ పోతుంది. రైలు మాత్రం ఇంకా రాలేదు. కడప-బెంగళూరు కొత్త రైలుమార్గం రాయచోటి, మదనపల్లె మీదుగా వెళ్లాలన్నది 2008-09 నాటి మాట. కడప నుంచి పెండ్లిమర్రి దాకా ముక్క పూర్తయి అక్కడే ఆగింది. ఆసుపత్రికి కడపకో తిరుపతికో బెంగళూరుకో పోవాలన్నా, కువైట్ విమానం అందుకోవాలన్నా రోడ్డే దిక్కు. బస్సు, లేదంటే కారు.

అదీగాక, బయటివాళ్ల కళ్లకు సీమ అంటే ఒక బండే గుర్తు. తెల్ల సుమో! ఫ్యాక్షన్ సినిమాల పుణ్యమా అని అది గాల్లోకి లేవడం, పేలిపోవడమే జనం చూశారు. 1994లో వచ్చిన ఆ సుమోకూ జపాను మల్లయోధులకూ సంబంధం లేదని ఎంతమందికి తెలుసు? టాటా మోటార్స్‌ను నిలబెట్టిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. 2019లో దాని తయారీ ఆగింది. సినిమాలో పేల్చడానికి వాడినా, నిజ జీవితంలో సీమ పల్లెల్లో అది పెళ్లివారిని మోసింది, పురుటి నొప్పులు పడే తల్లుల్ని ఆసుపత్రికి చేర్చింది.

అంబాసిడర్ ఎవరిది?

'మా కాలంలో స్వదేశీ కార్లుండేవి' అంటారు పెద్దలు. నిజమేనా? ఒక్కసారి వెనక్కి వెళ్దాం.

కలెక్టరు దిగినా, మంత్రి ఎక్కినా అంబాసిడరే. దేశమే కారు రూపం దాల్చిందా అన్నట్టుండేది. దాన్ని తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్‌ను బిర్లాలు 1942లో స్థాపించారు. ఫ్యాక్టరీ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో. అంతా బాగానే ఉంది. మరి ఆ కారు రూపం? ఇంగ్లండువాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్! అక్కడ పాతబడిన మోడల్‌ను అచ్చులతో సహా ఇక్కడికి తెచ్చి 1950ల చివర్లో మొదలుపెట్టారు. 'ప్రీమియర్ పద్మిని' పేరు వింటే అచ్చ భారతీయ వనిత గుర్తొస్తుంది. ఆమె పుట్టిల్లు ఇటలీ. అసలు పేరు ఫియట్ 1100. మన పల్లెల్లో కిందా మీదా పదిహేను మందిని ఎక్కించుకుని తిరిగిన మహీంద్రా జీపు అమెరికా సైన్యంవాళ్ల విల్లీస్.

మారుతి కథ మరీ చిత్రం. పేరు ఆంజనేయుడిది. ప్రభుత్వ సంస్థగా 1981లో పుట్టింది. సాంకేతిక పరిజ్ఞానం జపాను సుజుకీది. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ అందించారు. అప్పుడు సుజుకీ వాటా 26 శాతం. 1992కు 50 శాతం అయింది. 2007లో ప్రభుత్వం చివరి వాటా కూడా అమ్మేసి తప్పుకొంది. ఇప్పుడది సగానికి పైగా జపానువాళ్ల కంపెనీ. అయినా 'మారుతి మన కారు కాదు' అంటే మన ఇళ్లలో ఎంతమంది ఒప్పుకొంటారు?

అంతెందుకు... తెలుగువారి ఆత్మగౌరవం అంటూ 1982లో ఎన్టీ రామారావు ఊరూరూ తిరిగిన చైతన్యరథం గుర్తుందిగా! అది ఏ కంపెనీదో తెలుసా? అమెరికా వాళ్ల షెవర్లే వ్యాన్! దాని మీద నిలబడి చెప్పిన మాటల్ని జనం తెలుగు గుండెతోనే విన్నారు. బానెట్ మీద ఏ దేశం బిళ్ల ఉందో ఎవరూ చూడలేదు.

మొదటి నుంచి చివరిదాకా మన బుర్రతో, మన చేతులతో కారు తయారుచేయాలన్న పంతం నిజంగా కనిపించింది 1998లో. టాటా ఇండికా అప్పుడే వచ్చింది. దాని ఒంపుసొంపులకు ఇటలీ సంస్థ సాయం తీసుకున్నా, కారు మాత్రం మనవాళ్లు రూపొందించుకున్నదే. బుకింగులు తెరవగానే లక్షకు పైగా జనం డబ్బు కట్టారు. తొలి బ్యాచ్ కార్లలో లోపాలు కనిపించాయి. కొన్నవాళ్లు తిట్టారు. కంపెనీ ఆ తిట్లను విని, దిద్దుకుని 2001లో 'వి2' తెచ్చింది. అది నిలబడింది. ఇక్కడో చిన్న పాఠం ఉంది. అభిమానంతో కొన్నవాళ్లు ఆ కారును బతికించారు. అభిమానం ఉన్నా తిట్టడం మానకపోవడం వల్ల అది బాగుపడింది.

తాళం ఉంది, పరీక్ష లేదు

మరి అంబాసిడర్ ఎందుకు బాగుపడలేదు? దాన్ని ఎవరూ పోటీకి పిలవలేదు కాబట్టి. బయటి కార్లు రాకుండా తలుపులు మూశారు. లోపల ఇన్నే తయారుచేయాలని లైసెన్సులిచ్చారు. కారు బుక్ చేసినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. ఏం చేసినా కొంటారని తెలిసిన కంపెనీకి మారాల్సిన అవసరమేముంది? దశాబ్దాలపాటు అదే ఆకారం, దాదాపు అదే తీరు. 2014 మేలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ తలుపులు మూతపడ్డాయి. 2017లో 'అంబాసిడర్' అన్న పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో కొనుక్కుంది. దేశానికి ప్రతీకగా బతికిన పేరు చివరికి విదేశీ కంపెనీ ఖాతాలో పడింది!

అలాగని తలుపులు మూయడమే తప్పా? దక్షిణ కొరియా కూడా మూసింది. 1980ల చివరిదాకా అక్కడ విదేశీ కార్లకు దాదాపు ప్రవేశమే లేదు. జపాను కార్లనైతే 1999 వరకూ రానివ్వలేదు. హ్యుందాయ్ 1975లో తెచ్చిన తొలి సొంత కారు పోనీకి కూడా గీసిపెట్టింది ఇటలీవాళ్లు, ఇంజిన్ ఇచ్చింది జపాను మిత్సుబిషి. మన కథకూ వాళ్ల కథకూ తేడా ఒక్కటే. 'ఇక్కడ మిమ్మల్ని కాపాడతాం, కానీ బయటి దేశాల్లో అమ్మి చూపించండి' అంది అక్కడి ప్రభుత్వం. ఇంట్లో ముద్దు చేసినా బడిలో పరీక్ష రాయించింది. మనం ముద్దు చేశాం. పరీక్ష సంగతి మరిచాం.

పరీక్ష రాసినవాడు పాతికేళ్లకు మన గుమ్మంలోకే వచ్చాడు. 1998లో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై నుంచి శాంత్రోతో హ్యుందాయ్. ఇరవై ఏళ్లకు దాని సోదర సంస్థ కియా... ఏకంగా మన సీమకే!

ఎర్రమంచిలో కొత్త పంట

ఉమ్మడి అనంతపురం జిల్లా అంటే దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటం, పంట పోతే బెంగళూరు బస్సెక్కడం. తరాలుగా అదే బతుకు. కార్ల ఫ్యాక్టరీ లాంటిది ఇటువైపు వస్తుందని ఎవరూ ఊహించలేదు. పైగా రాష్ట్రానికి ఒక చేదు అనుభవం కూడా ఉంది. 2005లో విశాఖకు వస్తుందని అంతా సంబరపడిన ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ చివరికి మహారాష్ట్రలోని చకన్‌కు తరలిపోయింది.

అలాంటిది 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. నీళ్లెక్కడివంటే, హంద్రీ-నీవా కాలువల ద్వారా కృష్ణానీరు చేరే గొల్లపల్లి జలాశయం నుంచి. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా తొలి కారు బయటికొచ్చింది. ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. డిసెంబరులో ఫ్యాక్టరీని లాంఛనంగా ప్రారంభించారు. 2023 నాటికి అక్కడ తయారైన కార్ల సంఖ్య 10 లక్షలు దాటింది. వాటిలో చాలా కార్లు ఓడలెక్కి విదేశాలకు పోయాయి. వేరుశనగ చేలు, గొర్రెల మందల మధ్య కొరియా భాషలో బోర్డులు వెలిశాయి, కొరియా వంటల హోటళ్లు వచ్చాయి.

అంతా పువ్వుల బాటేం కాదు. ఫ్యాక్టరీ కోసం ఇచ్చిన భూమి రైతులది. ఉద్యోగాల్లో స్థానికులకు ఎంత దక్కింది, పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు అన్న ప్రశ్నలు ఇలాంటి ఫ్యాక్టరీ ఎక్కడ వెలిసినా వెంటే వస్తాయి. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019 జులైలో రాష్ట్ర అసెంబ్లీ చట్టం చేసిందంటే, ఆ ప్రశ్న ఎంత బలమైందో అర్థమవుతుంది. 'మన సీమ కారు' అని గర్వంగా చెప్పుకోవడానికి కారు సీమలో తయారైతే చాలదు. సీమ పిల్లలకు అందులో నిలకడైన చోటు దొరకాలి. చిన్నకొడుకు వాదనలోని బలమూ, బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

కారు తయారీ ఒక్క ఫ్యాక్టరీతో ఆగదు. ఒక కారులో చిన్న మరతో సహా లెక్కిస్తే దాదాపు 30 వేల విడిభాగాలు. తిరుపతి పక్కన కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీలు రకరకాల కంపెనీల కార్లలో ఉంటాయి. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్పులు తయారవుతున్నాయి. జపాను పేరున్న టొయోటా కార్లు ఎక్కణ్నుంచో ఓడ దిగి రావడం లేదు. బెంగళూరు పక్కన బిడదిలో, కిర్లోస్కర్ సంస్థ భాగస్వామ్యంతో తయారవుతున్నాయి. అంటే పెద్దకొడుకు కోరుకునే జపాను బండి కూడా రాయచోటికి ఒక పూట ప్రయాణంలో పుట్టిందే!

జీతం ఎవరికి? లాభం ఎవరికి?

ఇక్కడో చిక్కుముడి. జాగ్వార్, ల్యాండ్ రోవర్ అంటే ఇంగ్లండు దొరల కార్లు. 2008లో వాటిని టాటాలు 230 కోట్ల డాలర్లకు కొన్నారు. ఇప్పుడు ఇంగ్లండులో తయారైన ల్యాండ్ రోవర్‌ను అక్కడి నుంచి తెప్పించుకుంటే లాభం భారతీయ కంపెనీది. జీతాలు ఇంగ్లండు కార్మికులవి. పెనుకొండలో తయారైన కియా కొంటే జీతాలు మనవాళ్లవి. లాభం, సాంకేతికతకు కట్టే రాయల్టీ కొరియాకు.

ఈ రెండింటిలో ఏది స్వదేశీ?

లెక్క వేస్తే జీతాల వైపే మొగ్గు ఉంటుంది. కారు అమ్మిన ధరలో లాభం ఒక చిన్న ముక్క. మిగతాదంతా ఉక్కు, టైర్లు, విడిభాగాలు, జీతాలు, రవాణా, పన్నులు. తయారీ ఇక్కడ జరిగితే అందులో ఎక్కువ భాగం ఇక్కడే తిరుగుతుంది. పన్నుకైతే కంపెనీ జాతీయతతో పనే లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై 18 శాతం, పెద్దవాటిపై 40 శాతం జీఎస్‌టీ. యజమాని ముంబయిలో ఉన్నా, సియోల్‌లో ఉన్నా సర్కారు ఖాతాకు అదే చేరుతుంది.

అయితే పెద్దాయన మాటను తీసిపారేయలేం. కొత్త కారుకు రూపం గీసేది, ఇంజిన్‌కు ప్రాణం పోసేది, రేపటి సాంకేతికతపై పరిశోధన చేసేది ఎక్కువగా కంపెనీ సొంతగడ్డ మీదే. చేతులు మాత్రమే మనవైతే ఎప్పటికీ కూలివాళ్లమే. బుర్ర కూడా మనదైతేనే యజమానులం. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు చెన్నై, సనంద్ కార్మికులు వీధిన పడ్డారు. నష్టమొస్తే బయటివాడు మూటాముల్లె సర్దుకుంటాడు. ఇక్కడి కంపెనీ అయితే పోవడానికి ఇంకో ఇల్లు ఉండదు.

అంటే తండ్రీ కొడుకుల్లో ఎవరూ పూర్తిగా తప్పు కాదు. ఒకరు రేపటి గురించి మాట్లాడుతున్నారు. ఇంకొకరు ఈ నెల జీతం గురించి!

గాంధీగారి గడియారం

ఈ చిక్కు కొత్తది కాదు. వందేళ్ల కిందటే మనవాళ్లు దీంతో తలపడ్డారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ప్రసంగించాక వందేమాతర ఉద్యమం ఊపందుకుంది. ఆ ఊపులో కాలేజీ నుంచి బహిష్కరణకు గురైనవాడు, ఆపై 'స్వరాజ్య' పత్రికలో రాతలకు జైలుకెళ్లినవాడు మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. విదేశీ వస్త్రం విప్పి మంటల్లో వేయడం అప్పటి దేశభక్తి.

మరి గాంధీజీ విదేశీ వస్తువుల్ని అసలు ముట్టుకోలేదా? కాదు. ఆయన లెక్క వేరు. గడియారం స్విట్జర్లాండుదైనా, ఆపరేషన్ పనిముట్లు ఇంగ్లండువైనా కొనడానికి తనకు అభ్యంతరం లేదన్నారు. నూలుబట్ట మాత్రం ఎంత గొప్పదైనా బయటిది అంగుళం కూడా కొననన్నారు. ఎందుకంటే ఆ బట్ట ఇక్కడ లక్షలాది మంది నేతగాళ్ల, నూలు వడికేవాళ్ల నోటికాడి కూడు లాక్కుంటోంది. స్విస్ గడియారం ఎవరి కూడూ లాక్కోవడం లేదు.

చూశారా? 'ఎవరు తయారుచేశారు' అని కాదు, 'దీనివల్ల ఇక్కడ ఎవరి పొట్ట కొట్టుకుపోతోంది, ఎవరి పొట్ట నిండుతోంది' అని అడిగారాయన. కారు కొనేవాళ్లకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు.

అభిమానం గోడ దూకితే...

అమెరికాలో కార్ల రాజధాని డెట్రాయిట్. తానా మహాసభలు 2005లో, 2015లో జరిగింది అక్కడే. అక్కడి కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజినీర్లూ తక్కువేం కాదు. ఆ ఊరు 1980ల్లో ఎలా ఉండేదో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. జపాను కార్లు మార్కెట్‌ను ఆక్రమించాయి. అమెరికన్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి. 'అమెరికా కారే కొనండి' అన్న పిలుపు కోపంగా మారింది. 1982 జూన్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ల యువకుణ్ని ఇద్దరు తెల్లవాళ్లు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. ఒకడు కార్ల కంపెనీలో సూపర్‌వైజరు, రెండోవాడు ఉద్యోగం పోయినవాడు. 'మీ వల్లే మా ఉద్యోగాలు పోతున్నాయి' అన్నది వాళ్ల కోపం. ఇంతకీ విన్సెంట్ జపానువాడు కాదు. చైనా మూలాలున్న అమెరికన్. కొద్దిరోజుల్లో అతని పెళ్లి! హంతకులకు పడింది 3 వేల డాలర్ల జరిమానా, మూడేళ్ల ప్రొబేషన్. ఒక్కరోజు కూడా జైలుశిక్ష వేయలేదు.

ఆ తర్వాత ఏమైంది? జపాను కంపెనీలే అమెరికాలో ఫ్యాక్టరీలు పెట్టాయి. ఏ కారులో ఎంత భాగం అమెరికాలో తయారైందో లెక్కించే కార్స్ డాట్ కామ్ జాబితాలో టొయోటా క్యామ్రీ ఎన్నోసార్లు మొదటి స్థానంలో నిలిచింది. కెంటకీ రాష్ట్రంలో అమెరికన్ కార్మికులే దాన్ని తయారుచేస్తున్నారు మరి!

మనదగ్గర 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సైనికులు అమరులయ్యాక చైనా వస్తువులు వద్దన్న పిలుపు వచ్చింది. ఆ బాధ నిజం. సరిహద్దులో మన జవాన్ల మీదికి వచ్చే దేశానికి మన డబ్బు ఎందుకివ్వాలన్న ప్రశ్నా న్యాయమే. కానీ జవాబే సూటిగా లేదు. ఎంజీ అన్నది పాత ఇంగ్లండు పేరు. దాని యజమాని చైనా కంపెనీ. ఇక్కడి వ్యాపారంలో మన జేఎస్‌డబ్ల్యూకూ 35 శాతం వాటా ఉంది. 2022 నుంచి శ్రీవారి కొండెక్కుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు హైదరాబాద్ సంస్థ ఒలెక్ట్రావి. దానికి సాంకేతిక భాగస్వామి చైనా బీవైడీ. దేశీ కంపెనీల ఎలక్ట్రిక్ కార్లలోనూ బ్యాటరీ సెల్స్ ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టగానే మన వాహన కంపెనీలన్నీ ఉలిక్కిపడ్డాయి.

పెట్రోలు కారు కొని స్వదేశీ అనుకుందామంటే అదీ కుదరదు. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటిదే. గల్ఫ్ నుంచి చమురు వస్తుంది, దానికి డాలర్లు పోతాయి. ఆ డాలర్ల లోటును కాస్త పూడ్చేది ఎవరనుకున్నారు? నెలనెలా కువైట్ దినార్లు ఇంటికి పంపే మన రాయచోటి, రాజంపేట, కోడూరు డ్రైవర్లూ, వంటమనుషులూ, ఆయాలూనూ! దేశానికి విదేశీ మారకం సంపాదించి పెట్టిన మనిషికి ఏ కారు కొంటే దేశభక్తో వేరేవాళ్లు పాఠం చెప్పడం సబబేనా?

ముందు ఇంటికి చేరాలి

ఇప్పుడు కాఫీ గ్లాసులు తీసుకెళ్లిన ఆ ఇంటి ఇల్లాలి మాట దగ్గరికొద్దాం. గువ్వలచెరువు ఘాటు క్షేమంగా దిగాలి!

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. ఏ యుద్ధంలోనూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన చిన్న కార్లను గోడకు గుద్ది పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్లలో స్వదేశీ, విదేశీ తేడా లేకుండా అన్నింటికీ సున్నా నక్షత్రాలే. ఆ అవమానం పనిచేసింది. 2018లో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. అలా అయిదూ దక్కిన తొలి భారతీయ కారు అదే. 2023 అక్టోబరు నుంచి 'భారత్ ఎన్‌క్యాప్' పేరిట మనమే పరీక్షలు పెట్టుకుంటున్నాం. పెద్దాయనకు చూపించాల్సిన మంచి కబురు ఇదే. ఇప్పుడు దేశీ కంపెనీ కారు కొనాలంటే భద్రత వదులుకోనక్కర్లేదు. జెండా చూసి కాదు, నక్షత్రాలు చూసి కూడా కొనొచ్చు.

మరి దేశభక్తికి చోటెక్కడ?

ఉంది. కాకపోతే ముందు వరసలో కాదు. పెళ్లి చూపుల్లో మేనమామ మాటలాంటిది. విలువ ఇవ్వాలి, నిర్ణయం మాత్రం ఇంటివాళ్లదే.

ముందు బడ్జెట్టు, భద్రత, అవసరం. తర్వాత రాయచోటిలోనో కడపలోనో సర్వీసు, విడిభాగాలు దొరుకుతాయా అన్నది. ఇవన్నీ సరితూగిన కార్లు రెండు మూడు మిగిలాక, అప్పుడు అడగండి. ఇది ఎక్కడ తయారైంది? మనవాళ్ల చేతులు ఎంతున్నాయి, బుర్ర ఎంతుంది? ఆ జవాబు త్రాసును కాస్త అటు వంచితే తప్పేం లేదు. ఆ మొగ్గును చూసే కంపెనీలు ఇక్కడ ఫ్యాక్టరీలు పెడతాయి. కానీ నాసిరకం బండికి జెండా కప్పి అమ్మితే మాత్రం మొహమాటపడకండి. మనం మొహమాటపడ్డప్పుడే అంబాసిడర్ నిద్రపోయింది.

కొత్త కారే కొనాలని కూడా లేదు. పొరుగువాళ్లు బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ కారు కొంటే డబ్బు ఊళ్లోనే ఉంటుంది. బాగుచేసే మెకానిక్కూ, పంక్చరు వేసే కుర్రాడూ, ఘాటెక్కే ముందు పాలకోవా అమ్మే గువ్వలచెరువు వ్యాపారీ... వీళ్లంతా పక్కా స్వదేశీ! పన్ను తప్పించుకోవడానికి పొరుగు రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయించిన కారు, దేశీ కంపెనీదైనా దాని మీద అతికించిన జెండా స్టిక్కరు వెలవెలబోతుంది. రోడ్డుకు అడ్డంగా నిలిపి, అంబులెన్సుకు దారివ్వని కారు ఏ దేశందైతే ఏం లాభం?

ఇంతకీ ఆ ఇంట్లో ఏ కారు కొన్నారంటారా? ఇంకా తేలలేదు. పెద్దకొడుకు సెలవు మరో మూడు వారాలుంది. కాకపోతే మాట కొంచెం మారింది. "కంపెనీ ఎవరిదైతే ఏంది గానీ, ఆ ఫ్యాక్టరీలో మన పిల్లోళ్లను పర్మినెంటు చేచ్చాండారా లేదా, అది కనుక్కో" అంటున్నాడు పెద్దాయన. "నక్షత్రాలెన్నో కూడా చూడండి" అని లోపలి నుంచి ఇంకో గొంతు.

ఏ కారు వచ్చినా జరిగేది ఒకటే. వీరభద్రస్వామి గుడి ముందో, దర్గా దగ్గరో బండి ఆగుతుంది. బొట్టో, పూలదండో పడుతుంది. చక్రం కింద నిమ్మకాయ పెడితే అది మాత్రం రాయచోటి అంగట్లో కొన్నదే!